రేపటి ప్రయాణమును ఇంగ్లీషున చెప్పుట



నేను శ్రీకాకుళము సీమలో ముప్పది సంవత్సరములకు పైగా పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి గైకొన్నవాడను. ఈ పూట మీతో మాటాడదలచినది చూచుటకు చిన్న విషయము. తాము చేయబోవు ప్రయాణమును గూర్చి మన పిల్లలు ఇంగ్లీషున ఎట్లు చెప్పవలెను? దానిని వారికి మనము ఎట్లు నేర్పవలెను? ఇంతే.

"ఇది బడిపంతుళ్ల గొడవ, మాకేల?" అని మీలో కొందరనుకొనవచ్చును. కాని శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో దూరదేశమునకు పోయిన బిడ్డ లేని ఊరు అరుదు. చేపలవేటకు గుజరాతు తీరమునకు పోయినవారు, పనికి సముద్రము దాటినవారు, చదువునకు పరదేశమునకు పోయినవారు మీ వీధిలోనే కలరు. వారు ఎప్పుడు బయలుదేరుదురో, ఎప్పుడు తిరిగి వత్తురో, ఆ మాటను పరాయివారి ముందు తమ నోటితో చెప్పుకొనవలసిన సమయము వచ్చును. ఆ మాట తడబడినయెడల నష్టపోవునది బడిపంతులు కాదు, మీ ఇల్లు.

నాకీ సంగతి బోధపడినది నా శిష్యుని ఒకని వలన. అతడు సముద్రము దాటి ఒక కర్మాగారమున వెల్డరు పనిలో చేరెను. చెల్లెలి పెండ్లి 14వ తేదీన; తాను 12వ తేదీన బయలుదేరుటకు విమానపు టిక్కెట్టు కొనుక్కొనెను; సెలవు చీటి ముందుగానే వ్రాసి ఇచ్చెను. ఇంతలో పై అధికారి మారిపోయెను. చీటి క్రొత్త అధికారికి అందలేదు. ఆ క్రొత్తవాడు వచ్చే నెల పనుల పట్టిక వేయుచు, "ఈ నెలలో ఎవరైనా ఊరికి పోవుచున్నారా?" అని అందరిని అడిగెను. మనవాడు లేచి, "ఐ విల్ గో టు మై విలేజ్ ఆన్ ట్వెల్త్" అనెను. అధికారి "చూతము లెమ్ము" అని, 12వ తేదీననే అతనికి పని వేసెను. తరువాత టిక్కెట్టు చూపి ఎంత బతిమాలుకొన్నను పట్టిక మారలేదు. చెల్లెలి పెండ్లికి అన్న లేడు.

ఆ తరువాతి సంవత్సరము వాడు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీరు నేర్పిన మాటే కదా అన్నాను. తప్పేముంది?" అని అడిగెను. వాని గొంతులో కోపము లేదు. అందువలననే నాకు మరింత సిగ్గయ్యెను. తప్పు ఇది: "ఐ విల్ గో" అన్న మాట ఆ అధికారి చెవికి, "నాకిప్పుడే బుద్ధి పుట్టినది, 12వ తేదీన ఊరికి పోదునండి" అన్నట్లు వినబడినది. "ఐ యామ్ గోయింగ్ హోమ్ ఆన్ ది ట్వెల్త్" అని యుండినయెడల, "12న వెళ్తున్నాను, అంతా సిద్ధమైనది" అని అర్థమయ్యెడిది. కేవలము వ్యాకరణము చేతనే వాని సెలవు పోయినదని నేననను. చీటి అందకపోవుటయు నొక కారణమే. కాని చీటి లేనిచోట మాటయే చీటి. ఆ మాటను నేను వానికి సరిగా ఇయ్యలేదు.

నేను నేర్పినదేమి? పుస్తకమున భూత, వర్తమాన, భవిష్యత్తులని మూడు గడులు గీసి, భవిష్యత్తు గడిలో "విల్" అని వ్రాయించితిని. "వెళ్తాను" అనిన "విల్ గో" అని వల్లె వేయించితిని. నాకును నా గురువులు అట్లే చెప్పిరి. దానికి తోడు మా చిన్ననాట "షల్" అన్న మాటయు ఉండెను. "నేను, మేము" అనుచోట షల్ అనియు, తక్కినచోట విల్ అనియు బెత్తము పట్టుకొని చెప్పెడివారు. ఆ సూత్రమును 1653లో జాన్ వాలిస్ అను ఇంగ్లీషు పండితుడు లాటిను భాషలో వ్రాసిన వ్యాకరణమున చెప్పెను. మూడు వందల ఏండ్లకు పైగా అది బడులలో తిరిగినది గాని, ఇంగ్లీషువారి నోళ్లు దానికెన్నడును పూర్తిగా లోబడలేదు. ఇప్పుడు మామూలు మాటలలో "నేను" అనుచోట కూడ విల్ అనుటయే ఎక్కువ.

అసలు సంగతి ఏమనగా, ఇంగ్లీషున క్రియకు భవిష్యత్తును తెలుపు ప్రత్యయమే లేదు. పూర్వపు ఇంగ్లీషున రేపటి పనిని కూడ వర్తమానపు క్రియతోనే చెప్పెడివారు. "విల్" అనగా మొదట "కోరుట", "షల్" అనగా "బాధ్యతపడుట". ఇట్టి మాటలను అరువు తెచ్చుకొని వారు రేపటిని చెప్పుకొనిరి. అందుచే వారి భాషలో రేపటికి ఒక్క దారి లేదు, నాలుగైదు దారులున్నవి. ఏ దారిన పోవలెనో నిర్ణయించునది కాలము కాదు. ఆ ఆలోచన ఎంతవరకు గట్టిపడినది, ఎవరు గట్టిపరచిరి అన్నదే దానిని నిర్ణయించును. నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

ఈ మాట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. అర్థము తెలియక వల్లించు ఇంగ్లీషును చూచి మన విజయనగరము ఏనాడో నవ్వినది. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చుపడిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మీరెరుగుదురు. గిరీశము శిష్యుడైన వెంకటేశమును వెంటబెట్టుకొని విజయనగరము నుండి కృష్ణరాయపురము పయనమగును. అక్కడ పిల్లవాని తల్లి, మీరిద్దరు ఒకసారి ఇంగ్లీషు మాటాడుడని ముచ్చటపడి అడుగును. గురుశిష్యులు పద్యపు ముక్కలను, వాచకములోని వాక్యములను పొంతన లేకుండ ఒకరికొకరు అప్పజెప్పుకొందురు. తల్లి పొంగిపోవును. మనము నవ్వుదుము. కాని తాము వచ్చిన ప్రయాణమును గూర్చి ఒక్క మాటయైన ఆ ఇంగ్లీషున లేకుండుట గమనించితిరా? నేను గిరీశమును కాననుకొంటిని. వెల్డరైన నా శిష్యుడు మా ఇంటికి వచ్చిన దినమున, ఎంతో కొంత అయితినని తెలిసెను.

1910కి ముందటి సంవత్సరములలో జె. ఏ. యేట్సు దొర ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగా ఉండెను. భాషను సూత్రములతో గాక, వస్తువులు చూపి, పనులు చేయించి, నోటితో పలికించి నేర్పవలెనను పద్ధతిని ఆయనయు, విశాఖపట్నము ఏ. వి. ఎన్. కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారును మన ఉపాధ్యాయులలో వ్యాపింపజేసిరి. ఆ దొరయే, తెలుగువారు మాటాడు తెలుగు ఒకటి, బడిలో చదువు తెలుగు వేరొకటి ఏల అని అడిగెను. ఆ ప్రశ్న అప్పారావుగారిని, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారిని కదిలించెను. 1863లో శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తిగారు, సవరలతో కూర్చుండి మాటాడి వారి భాషను నేర్చిరి. ఆయన వ్రాసిన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. భాష మొదట నోటిలో నున్నది, పిమ్మటనే పుస్తకములోనికి వచ్చినదని ఆయన జీవితమంతయు చాటిరి. నేను ఈ ప్రసంగమును గ్రంథభాషలో చేయుచు ఆయన పేరు తలచుట చిత్రముగ తోచవచ్చును. పెద్దల సభలో పాత అలవాటు వదలక పోవుట చేత అట్లు చేయుచున్నాను గాని, తరగతిలో ఆయన మార్గమే నాకు శరణ్యమైనది.

ఎట్లందురా? నా శిష్యుడు వెళ్లిపోయిన రాత్రి నేను పుస్తకములు మూసి, మన వీధిలోని మాటలను చెవియొగ్గి వినసాగితిని. మన తెలుగు నోటిలోనే ఆ నాలుగు దారులు ఉన్నవని అప్పుడు తెలిసెను.

"బస్సు ఆరింటికి బయలుదేరుతుంది." ఇది మొదటిది. దీనిని నిర్ణయించినది నేను కాదు, మీరు కాదు. గోడమీది పట్టిక నిర్ణయించినది. ఇంగ్లీషున ఇట్టి దానికి, నిత్యము జరుగు పనికి వాడు క్రియనే వాడుదురు: "ది బస్ లీవ్స్ ఎట్ సిక్స్."

"మంగళవారం విజయనగరం వెళ్తున్నాను." ఇది రెండవది. రేపో, ఎల్లుండో జరుగవలసిన పనికి "వెళ్తున్నాను" అని ఇప్పుడే పోవుచున్నట్లు అనుచున్నాము. ఏలయన, టిక్కెట్టు కొంటిమి, చుట్టాలకు కబురు పెట్టితిమి. ఇంగ్లీషువాడును అచ్చముగా అట్లే అనును: "ఐ యామ్ గోయింగ్ టు విజయనగరం ఆన్ ట్యూజ్డే." ఇచ్చట రెండు భాషలును ఒక్క బాటనే నడచుచున్నవి. నేను వానికి ఇయ్యకపోయిన మాట ఇదియే. అది వాని నోటిలో తెలుగున పుట్టినప్పటి నుండియు ఉన్నది.

"ఈ ఏడు అరసవల్లి వెళ్లాలనుకుంటున్నాను." ఇది మూడవది. మనస్సులో నిశ్చయము కలదు, చేతిలో టిక్కెట్టు లేదు. ఇంగ్లీషున: "ఐ యామ్ గోయింగ్ టు విజిట్ అరసవల్లి దిస్ ఇయర్." ఇచ్చట "గోయింగ్" అనగా నడచుట కాదు, తలపెట్టుట. ఇంట కూర్చుండియే "ఐ యామ్ గోయింగ్ టు బై ఏ టికెట్" అనవచ్చును. పిల్లలకు ఈ భేదము విడమరచి చెప్పవలెను. లేకున్న గోయింగ్ అను మాట విన్నప్పుడెల్ల కాళ్లు కదలినట్లే భ్రమపడుదురు. మబ్బు కమ్మి, గాలి తిరిగినప్పుడు మనము "వాన వచ్చేటట్టుంది" అందుము గదా. అదియు ఈ దారిదే: "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్." కంటి ముందర గుర్తు కనబడుచున్నది.

"సరే, నేనూ వస్తాను." ఇది నాలుగవది. ఎవరో పిలిచిరి, అప్పటికప్పుడు ఒప్పుకొంటిమి. లేదా, "చేరగానే ఫోను చేస్తాను" అని మాట యిచ్చితిమి. ఇంగ్లీషున విల్ అను మాటకు ప్రయాణపు సంభాషణలో ముఖ్యమైన చోటు ఇది: "ఐ విల్ కమ్ విత్ యూ", "ఐ విల్ కాల్ యూ."

మరి చిక్కెక్కడ? మన "వస్తాను, వెళ్తాను" అను రూపము చాల బరువు మోయుచున్నది. "రోజూ పొలం వెళ్తాను" అన్నను అదే, "రేపు పొలం వెళ్తాను" అన్నను అదే. 1858లో వెలువడిన చిన్నయసూరిగారి బాలవ్యాకరణము చదివిన పెద్దలకు జ్ఞప్తి యుండును: గ్రంథభాషలో "వచ్చెదను" అని భవిష్యత్తునకు, "వత్తును" అని తద్ధర్మమునకు, అనగా అలవాటునకు, వేరు రూపములు కలవు. వాడుకలో ఆ రెండును "వస్తాను"లో కలిసిపోయినవి. ఆ "వస్తాను"కు బడిలో "విల్ కమ్" అను ఒక్క మాటను ముడివేసితిమి. అందుచేతనే మన పిల్లలు అలవాటునకు సైతము "ఐ విల్ గో టు స్కూల్ డైలీ" అందురు. తప్పు పిల్లలది కాదు, ముడివేసిన వారిది.

ఇది తెలిసిన పిమ్మట నా బోధనను మార్చుకొంటిని. పిల్లలకు రెండే ప్రశ్నలు నేర్పితిని: "ఎవరు నిశ్చయించిరి? ఎప్పుడు నిశ్చయించిరి?" పట్టిక నిశ్చయించినయెడల మొదటి దారి. నేను నిశ్చయించి ఏర్పాట్లు ముగించినయెడల రెండవది. మనస్సున మాత్రమే నిశ్చయించినయెడల మూడవది. ఈ క్షణమున నిశ్చయించినయెడల నాలుగవది. పిల్లలు దీనికి "టిక్కెట్టు పరీక్ష" అని పేరు పెట్టిరి. ఈ దారుల నడుమ రాతిగోడలు లేవు. ఇంగ్లీషువారు కూడ రెండవ, మూడవ దారుల నడుమ అటునిటు దాటుచుందురు. కాని నేర్చుకొనువానికి మొదట గట్టు కావలెను. ఈత వచ్చిన తరువాత గట్టుతో పనిలేదు.

పాఠము నడిపిన తీరు కూడ చెప్పెదను. మీ ఊరి ఉపాధ్యాయునకు పనికిరావచ్చును. మా తరగతికి ఒక ప్రయాణము కావలసి వచ్చెను. విజయదశమి తరువాతి మంగళవారము విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును గదా. ఆ ప్రయాణమునే పాఠముగా చేసితిని.

మొదటి దినమున నల్లబల్లపై ఒక రైలు పట్టిక వ్రాసితిని. శ్రీకాకుళము పట్టణమునకు రైలు లేదు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనునకు పోవలెను. కనుక బస్సు పట్టికయు దాని ప్రక్కన వ్రాసితిని. ఒకడు టిక్కెట్ల కిటికీలోని గుమాస్తా, ఒకడు ప్రయాణికుడు. "రైలు ఎప్పుడు బయలుదేరును? ఎప్పుడు చేరును? ఉత్సవము ఏ వారము?" ఆ దినమంతయు లీవ్స్, అరైవ్స్, స్టార్ట్స్ అను మాటలే. విల్ అను మాటకు ఆ దినము తరగతిలో ప్రవేశము లేదు.

రెండవ దినమున ప్రతివానికిని ఒక కాగితమిచ్చి, ఏడు వారములు వ్రాయించి, అందులో మూడు వారములకు పనులు నింపుమంటిని. సోమవారము నాగలికి కర్ర చెక్కించుట, బుధవారము తాతను ఆసుపత్రికి తీసికొనిపోవుట, ఇట్టివి. ఒకని కాగితము మరియొకడు చూడరాదు. ఇద్దరును ఇంగ్లీషున ప్రశ్నించుకొని, ఇద్దరికిని తీరికయైన దినమును కనుగొనవలెను. "గురువారము ఏమి చేయుచున్నావు?" "మా తాతను తీసికొని శ్రీకాకుళము వెళ్లుచున్నాను." నిజముగా తెలియని దానిని తెలిసికొనుటకే అడుగుచున్నారు గనుక, వల్లించుట అక్కడ పనికిరాదు. ఒకడు అబద్ధపు తీరిక చెప్పి పట్టుబడగా తరగతి అంతయు నవ్వెను. ఆ నవ్వులో వారు మాటాడుచున్నది పరభాష అని మరచిరి.

మూడవ దినమున కోరికలు. విజయనగరములో ఏమేమి చూడదలచితిరి? ఒకడు 1713లో కట్టిన కోటను, ఒకతె గురజాడవారి ఇంటిని, మరియొకడు మిఠాయి కొట్టును. ఇది మూడవ దారి.

నాలుగవ దినమున నేను అడ్డంకులు పెట్టితిని. "బస్సులో చోటు లేదు!" అనగానే, "నిలుచుండెదను" అని ఒకడు. "మంచినీరు ఎవరు తెచ్చెదరు?" అనగా నలుగురు చేతులెత్తి "ఐ విల్!" అనిరి. వారు అంత గట్టిగా ఇంగ్లీషు పలుకగా నేనెన్నడును వినియుండలేదు. అదియే విల్ అను మాటకు పుట్టినిల్లు.

అయిదవ దినమున "అయితే, గియితే" అను సంగతి. దసరా రోజులు మనకు తుపానుల రోజులని మీకు చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమును పెల్లగించినవి. కనుక మన ప్రయాణమునకు "వాన వస్తే" అను షరతు సహజము. "వాన వస్తే వెళ్లం." ఇందులో "వస్తే" అను మాటను చూడుడు. దానిలో భూతము లేదు, భవిష్యత్తు లేదు. ఇంగ్లీషువాడును అక్కడ విల్ వాడడు: "ఇఫ్ ఇట్ రెయిన్స్, వి వోంట్ గో." "చేరగానే" అనుచోట కూడ అంతే: "వెన్ ఐ రీచ్, ఐ విల్ కాల్ యూ." మన నోటి మాటను గమనించినవాడు "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అని పొరపడడు.

ఈ పాఠములో నాకు ఎదురైన ఒక చిక్కు మీవంటి పెద్దలకే అర్థమగును. ఇంగ్లీషు పాఠపుస్తకములలో ప్రయాణపు సంభాషణ మొదలగునదే "ఎక్కడికి వెళ్తున్నావు?" అను ప్రశ్నతో. మన ఊళ్లలో బయలుదేరినవానిని "ఎక్కడికి?" అని అడుగుట అపశకునము. "ఎందాకా?" అందుము, లేదా "దూరమా?" అందుము. వెనుకటి బల్లమీది పిల్ల యొకతె ఆ ప్రశ్న అడుగుమనగా అడుగక, "మా నాయనమ్మ తిడుతుంది మాస్టారూ" అనెను. నేను నవ్వలేదు. "అమ్మా, ఆ భాషలో ఆ ప్రశ్న ఆదరము. మన భాషలో అడుగకుండుట ఆదరము. ఏ గుమ్మములో నిలుచుంటివో చూచి మాటాడవలెను" అని చెప్పితిని. రేపటిని గూర్చి గట్టిగా పలుకుటకు మనవారు జంకుదురు. "దేవుడు చల్లగా చూస్తే" అని తోడు పెట్టుకొందురు. అది వినయము. కాని పరాయి అధికారి ముందు ఆ వినయమునే సందేహముగా తలచుదురు. పిల్లవాడు ఆ రెండింటి భేదమును ఎరిగి యుండవలెను.

ఒక తరము వెనుకకు పొండు. మన తాతలు రంగము పోయిరి. రంగూనును వారు రంగమనియే అనిరి. కళింగపట్నము, బారువ, భీమునిపట్నము, విశాఖపట్నములే వారికి గుమ్మములు. మేస్త్రీ వచ్చి బయానా ఇచ్చి, ఎప్పుడు ఓడ ఎక్కవలెనో, ఎక్కడ దిగవలెనో, ఏ మిల్లులో మూటలు మోయవలెనో, ఎప్పుడు తిరిగి రావలెనో తానే చెప్పెను. మన తాత నోట తన ప్రయాణమును గూర్చి ఒక్క మాట లేదు. అది అంతయు మేస్త్రీ నోటనే ఉండెను. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడి, 1942లో వేలకొలది జనులు కొండలు, అడవులు దాటి కాలినడకను వచ్చినప్పుడు, మేస్త్రీ చెప్పిన రేపు ఎవరికిని అక్కరకు రాలేదు. నేడు ఓడ పోయి విమానము వచ్చెను, మేస్త్రీ పోయి ఏజెంటు వచ్చెను. "వాళ్లేమడిగినా నేను చెప్పుకుంటాను, నువ్వు మాట్లాడకు" అను మాట మాత్రము మారలేదు. ఎంతకాలము ఉండబోవుచున్నావు, ఎవరి వద్దకు పోవుచున్నావు, ఎప్పుడు తిరిగి వచ్చెదవు అని అడిగినప్పుడు, తన రేపటిని తాను చెప్పుకొనలేనివాని రేపటిని ఇంకొకడు చెప్పును. నాలుగు రూపముల వ్యాకరణమునకు ఇంత ప్రాధాన్యము ఏల ఇచ్చుచున్నానో మీకిప్పుడు తెలిసియుండును.

ఇందులో పెద్దలు చేయదగిన పని యొకటి ఉన్నది. మీకు ఇంగ్లీషు రానక్కరలేదు. పిల్లవాడు "వెళ్తాను" అనినప్పుడు, "అనుకుంటున్నావా? వెళ్తున్నావా?" అని తెలుగుననే అడుగుడు. తలపునకు, ఏర్పాటునకు గల భేదము వానికి తెలుగున స్పష్టపడినయెడల, ఇంగ్లీషున దానికి మాట దొరకుట ఒక వారము పని. తెలుగుననే మసకగా ఉన్నవానికి ఎన్ని గడులు గీసినను వెలుగురాదు. మన అరుగులమీద జరుగు మాటలే ఆ పాఠమునకు మొదటి తరగతి.

నా శిష్యుడు తిరిగి పనికి పోవునప్పుడు మరల మా ఇంటికి వచ్చెను. ఈసారి వానిని ఇంగ్లీషుననే అడిగితిని: "ఎప్పుడు తిరిగి వచ్చెదవు?" వాడు కొంచెము ఆలోచించి, టిక్కెట్టు ఇంకను కొనలేదు గనుక, "ఐ యామ్ గోయింగ్ టు కమ్ ఇన్ జనవరి, సర్" అనెను. మూడవ దారి, సరియైన దారి. ఆశను ఏర్పాటుగా చెప్పలేదు, ఏర్పాటును ఆశగా చెప్పలేదు. పిమ్మట చెప్పులు తొడుగుకొని, గడప దాటుచు, మన మాట అనెను: "ఎల్లొస్తాను మాస్టారూ."

ఈ మాటకు ఇంగ్లీషున సరియైన మాటను నేను ముప్పది ఏండ్లు వెదకితిని. వెళ్లుటను, వచ్చుటను ఒక్క మాటలో ముడివేసి, వెళ్లక మునుపే తిరుగుటను చెప్పు మాట అది. అది నాలుగు దారులలో దేనిలోను ఇమడదు. దానిని నేర్పవలసిన పని కూడ లేదు. అది వానికి మీరిచ్చినది. మిగిలిన నాలుగింటిని మేమిచ్చెదము.

ఇక సెలవు. వెళ్లివచ్చెదను.